పిట్ట వెనక చిమ్నీ

ఏ మీట నొక్కాలన్నా ఆమె ముందు సగం ఊపిరి వదిలి మిగతా సగం ఆపుకుంటుంది. లిఫ్టు మీట అయినా, మిక్సీ మీట అయినా, పక్కింటివాళ్ళ కాలింగ్ బెల్ అయినా అంతే. వేలు ఆనుతుంది. భుజాలు కాస్త దిగుతాయి. ఒక్క క్షణం మనిషిలో ఏదీ కదలదు. అప్పుడు నొక్కుతుంది. ఆ తరవాత మిగిలిన ఊపిరి వదిలి, ఆపిన మాట ఆపినచోటు నుంచే మొదలుపెడుతుంది.

"లైటు వేయడానికి కూడా ఇంత ఆలోచించే మనిషిని ఎక్కడా చూడలేదమ్మా, నీ కోడలు తప్ప," అంటాడు భర్త తన తల్లితో.

"ఆలోచించి వేస్తోందిగా. నువ్వు ఆలోచించకుండా ఆర్పడం మర్చిపోతున్నావు," అంటుంది తల్లి.

ఆమె పెద్దాసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఒకే గది. కిటికీలు లేవు. తలుపు మందంగా, బరువుగా ఉంటుంది. మధ్యలో చల్లటి బల్ల, గోడకు పలక, ఒక మూల సీసం కలిపిన అద్దం. అద్దం వెనక ఆమె నిలబడుతుంది. గడ్డం ఇక్కడ ఆనించండి. భుజాలు ముందుకు. ఊపిరి పీల్చండి. బిగపట్టండి. కదలకండి. వదలండి. అయిపోయింది, లేవండి. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఇవే మాటలు, ఇదే వరసలో. ఎదుటివాళ్ళు ఊపిరి బిగపట్టినప్పుడల్లా ఆమె కూడా బిగపడుతుంది. అవసరం లేదు, కానీ అలవాటైపోయింది. వార్డు మనుషులు ఆమెకు ఊపిరమ్మ అని పేరు పెట్టారు. ఎదురుగా మేడమ్ అంటారు. ఆ పేరు సంగతి ఆమెకు తెలుసు. తెలియనట్టే ఉంటుంది.

ఇంటి ముందుగదిలో భర్త నీళ్ళ మోటార్లకు వైండింగు చేస్తాడు. కాలిపోయిన తీగ విప్పి కొత్త రాగితీగ చుట్టడం అతని పని. గదంతా వార్నిష్ వాసన. చుట్టల మధ్య పెట్టే దళసరి కాయితం కత్తిరించడానికి అతని దగ్గర ఒక నల్లటి కత్తెర ఉంది. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఒకసారి తల్లి దానితో కొత్తిమీర కట్ట తాడు కోసింది. ఆ మాట ఇప్పటికీ నెలకోసారైనా ఆ ఇంట్లో వినిపిస్తుంది.

ఆమెకు ఫొటోల పిచ్చి పట్టింది ఆ ముందుగదిలోనే. బాగుచేసి పక్కన పెట్టిన ఒక మోటారుకు బోల్టు కన్నంలో కందిరీగ మట్టి తెచ్చి గూడు కడుతోంది. భర్త స్క్రూడ్రైవరు తీశాడు.

"తియ్యకండి," అంది ఆమె.

"మోటారు రేపు పట్టుకెళ్తానన్నాడు వాడు. దీన్ని ఎవరు రమ్మన్నారు ఇక్కడికి?"

"ఎల్లుండి ఇస్తానని చెప్పండి."

"ఎందుకు ఆలస్యమైందంటే?"

"కరెంటు లేదని చెప్పండి."

తీగలు చూసుకునే అతని భూతద్దాన్ని ఆమె సెల్‌ఫోను మీద ఆనించి, ఊపిరి ఆపి నొక్కింది. తెరంతా కందిరీగ ముఖం. దవడల మధ్య తడి మట్టి ఉండ. ఆ ఉండ మీద కొరికిన గాట్లు. కాళ్ళకు పసుపు ధూళి. అంత ముఖం ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు. మోటారు ఎల్లుండి కూడా వెళ్ళలేదు.

తరవాత కెమెరా వచ్చింది, దగ్గరి వస్తువులు తీసే లెన్సు వచ్చింది. పాత మోటారు సామాన్లతో భర్త కెమెరా కింద పెట్టే ఒక పట్టా చేసిచ్చాడు. మర తిప్పితే కెమెరా వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఫ్లాషు వెలుగు పురుగు కళ్ళలో పడి తెల్లగా పేలిపోతోందంటే, పాలప్యాకెట్టు కడిగి ఆరబెట్టి దానికి తొడిగాడు. "మీ పురుగులకి ఇంకేమైనా సౌకర్యాలు కావాలంటే మొహమాటపడొద్దని చెప్పు," అన్నాడు.

డ్యూటీకి వెళ్ళేలోపు ఆమె నీళ్ళ ట్యాంకుల వెనక గడ్డిలోకి వెళ్ళేది. ఎండెక్కకముందు పురుగులకు ఒంట్లో వేడి ఉండదు, మంచు బరువుతో కదలవు. ఆమె మోచేతుల మీద పడుకునేది. అంత దగ్గరగా తీసేటప్పుడు లెన్సు తిప్పి దూరం సరిచేయడం కుదరదు. మనిషే ముందుకు వంగాలి, వెనక్కి జరగాలి. తూనీగ కంటి మీద పదును కుదిరిన చోట ఆగాలి. కుదిరినది గుండె చప్పుడుకు కూడా చెదిరిపోతుంది. అక్కడ ఆమె ఊపిరి పనికొచ్చింది.

సాయంత్రం ఆ బొమ్మలు టీవీకి తగిలించి అత్తగారికి చూపించేది. అత్తగారికి ఒక కన్నే సరిగా కనిపిస్తుంది. ఆ కన్ను టీవీకి ఆనించినంత పని చేసేది.

"ఇది ఎవరింటి ఈగే? గడ్డాలూ మీసాలూ పెట్టుకుంది."

"మనింటి వెనకాల ఈగే అత్తయ్యా. వేరే ఈగల్ని పట్టి తింటుంది."

"మీ మామగారికి తమ్ముడిలా ఉంది. ఆయనా అంతే, పక్కవాళ్ళ కంచంలో చెయ్యి పెట్టకుండా లేచేవారు కాదు."

ఆదివారాలు ఆమెతో పాటు మరో నలుగురైదుగురు తిరిగేవాళ్ళు. అందరికీ పెద్ద ఒక రిటైరైన డ్రాయింగు మాస్టారు. వాళ్ళలో ఒక మర్యాద ఉండేది. ఫొటో ఎక్కడ తీశావని ఒకరినొకరు అడగకూడదు. తెలియనివాళ్ళెవరైనా అడిగితే జవాబు ఒక్కటే. బయట.

"ఎక్కడ తీశారండీ?"

"బయట."

"బయటంటే ఏ వైపు?"

"ఇంట్లోంచి వచ్చేస్తే ఉంటుందే, ఆ వైపు," అనేవారు మాస్టారు.

ఇది గొప్ప కోసం పెట్టుకున్న నియమం కాదు. గూడు ఎక్కడుందో ఒకరికి చెబితే పదిమంది వస్తారు. వచ్చినవాళ్ళు కొమ్మ పక్కకు లాగుతారు, ఆకు తుంచుతారు. వాళ్ళు వెళ్ళాక కాకి వస్తుంది. మాస్టారి రెండో నియమం బొమ్మ గురించి. పిట్ట వెనక ఏమీ ఉండకూడదు. చెయ్యి వెడల్పు ఎడమకో కుడికో జరిగితే వెనకనున్న గోడ పోయి ఆకాశం వస్తుంది, స్తంభం పోయి ఆకు పచ్చ వస్తుంది. ఆమె ఎప్పుడూ జరిగేది. ఆమె బొమ్మల్లో ఒక పురుగో పిట్టో, వెనక ఒక రంగు. ఊరు ఎక్కడా లేదు.

మూతపడిన కాగితం మిల్లు వెనక మట్టి తవ్విన పెద్ద గుంత ఉంది. దాని నిలువు గట్టుకు ఒక కన్నం. పసిరిక పిట్టల జంట అందులో పిల్లల్ని పెట్టింది. పచ్చటి పిట్టలు, పిడికెడు కూడా ఉండవు. తోకలో రెండు ఈకలు మాత్రం సన్నగా తీగల్లా సాగి ఉంటాయి. తేనెటీగల్ని గాల్లోనే పట్టి, గుంత మీదుగా వెళ్ళే పాత కరెంటు తీగ మీద కూచుని, కొండి ఊడేదాకా బాది, కన్నంలోకి తీసుకెళ్తాయి. వాటికొక పట్టింపు ఉంది. కన్నం కనబడేచోట మనిషి ఉంటే లోపలికి వెళ్ళవు. ఆ సంగతి తెలిసి ఆమె గట్టుకు పక్కగా, కన్నం కనబడని చోట కూచుంది. తీగ మీద వాలిన పిట్టను మాత్రమే తీసింది. తొందరగా లేచి వచ్చేసింది.

ఆ బొమ్మ ఆమె తీసినవాటన్నిటిలోకీ మంచిది. పిట్ట కంట్లో వెలుగు చుక్క. ముక్కున తేనెటీగ, దాని రెక్కలోని ఈనెలు కూడా లెక్కపెట్టవచ్చు. తోక ఈకలు రెండూ వాలుగా కుడి అంచుదాకా సాగాయి. ఆ ఈకల వెనక, కుడిచివర, నిలువుగా మసకగా ఎరుపు తెలుపు పట్టీలు.

మాస్టారు దాన్ని చాలాసేపు చూశారు. ఊరి గ్రంథాలయం మేడ మీద హాల్లో వాళ్ళ ఫొటోల ప్రదర్శన పెట్టబోతున్నారు. ఏవి పెట్టాలో ఆయనే చూస్తున్నారు.

"కుడివైపు ఇదేమిటమ్మా?"

"ఏదో రంగు సార్. మసగ్గానే ఉంది."

"కోసెయ్."

"కోస్తే తోక పోతుంది."

"నా కళ్ళే సగం పోయాయి. నాకే మిల్లు చిమ్నీ కనబడింది."

"మీకు తెలిసిన చిమ్నీ కాబట్టి కనబడింది. ఎవరు చూస్తారు సార్, అందరూ పిట్టను చూస్తారు గానీ."

మాస్టారు బొమ్మను ఆమె చేతికిచ్చి, "తోక బాగుంది," అన్నారు.

బొమ్మ గోడకెక్కింది. పేపరువాళ్ళు వచ్చి దాన్నే వేశారు. ఎక్స్‌రే గది బయట ఆ పేపరు ముక్కను ఎవరో అంటించారు. వారమంతా డ్యూటీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆమె మళ్ళీ గుంత దగ్గరికి వెళ్ళేసరికి ఆదివారమైంది.

గట్టుకు ఎదురుగా మనుషులున్నారు. మూడుకాళ్ళ స్టాండ్లు, ఫ్లాస్కు, చాప. ముందు వరసలో మడతకుర్చీ వేసుకుని ఎండటోపీ ఆయన. పక్కన ఒకే కెమెరా తెచ్చుకున్న భార్యాభర్తలు. ఇంకొంతమంది నిలబడి ఉన్నారు. అన్ని లెన్సులూ కన్నం వైపే. తీగ మీద పిట్ట, ముక్కున తేనెటీగ. తేనెటీగ ఎప్పుడో చచ్చిపోయింది. పిట్ట దాన్ని మింగడం లేదు, దించడం లేదు.

ఆమెను చూసి టోపీ ఆయన లేచినంత పని చేశాడు.

"మీరేనా మేడమ్? పేపర్లో పిట్ట మీదేనా? రండి, రండి, కూచోండి."

"ఇక్కడని ఎవరు చెప్పారు సార్?"

"మీరే చెప్పారుగా." జేబులోంచి పేపరు ముక్క తీసి విప్పాడు. "ఈ ఎరుపూ తెలుపూ. ఊళ్ళో ఇలాంటి చిమ్నీ ఇంకెక్కడుందండీ? దాని చుట్టూ తిరిగాం, దొరికింది." పోయిన వస్తువు తెచ్చిచ్చినవాడిలా సంతోషపడుతున్నాడు. "గురువారం నుంచీ వస్తున్నాం."

"భలే ఫోజులిస్తోందండీ," అంది పక్కనున్న భార్య. "ఇందాకటి నుంచీ నోట్లో పెట్టుకుని అలాగే కూచుంది."

"ఫోజులన్నీ ఇస్తోంది గానీ లోపలికి పోదే," అన్నాడు ఆవిడ భర్త. "పోతుండగా ఒక్కటి చాలు నాకు."

"నీకు ఒక్కటి చాలంటావు. పొద్దున్నించీ కెమెరా నా చేతికివ్వలేదు."

ఎక్స్‌రే ఆవిడ వాళ్ళ వెనకే నిలబడి ఉంది. "మీరు చూస్తుంటే పోదు," అంది.

"అలవాటు పడుతుందిలెండి," అన్నాడతను.

"పడదు. కన్నం ఎక్కడుందో మనకు తెలిసిపోతుందని దాని భయం. లోపల పిల్లలున్నాయి. మీరున్నంతసేపూ వాటికి తిండి లేదు. గురువారం నుంచీ అంటున్నారు."



"అంటే," అన్నాడు టోపీ ఆయన, "మేము దాని కోసం కూచుంటే, అది మా కోసం కూచుందా?"

"అవును."

"ముందు లేచినవాళ్ళు ఓడినట్టన్నమాట," అని నవ్వాడు కెమెరా పట్టుకున్న భర్త. భార్య నవ్వలేదు.

టోపీ ఆయనా నవ్వలేదు. "మీరు తీసుకున్నారు కదా మేడమ్. పేపర్లో కూడా వచ్చింది. మా దగ్గరికి వచ్చేసరికే పిట్టకు భయమా?"

"నేను తీగ మీద తీశాను. కన్నం వైపు రాలేదు."

"దారి చూపించింది మీరేగా?"

"నేనే. చిమ్నీ కనబడుతోందని తెలిసే వదిలేశాను. తప్పు నాదే."

"తప్పు మీదైతే మేమెందుకు లేవాలి?"

పిట్ట తీగ మీద అటు తిరిగింది, మళ్ళీ ఇటు తిరిగింది. రెండోది దూరంగా చిమ్నీ మెట్ల మీద వాలి ఉంది. దాని ముక్కున కూడా ఏదో ఉంది. గట్టు మట్టి మీద ఎండ పడటం మొదలైంది. కన్నంలోంచి ఏ చప్పుడూ రాలేదు. వస్తే వినబడేంత దూరంలో వాళ్ళెవరూ లేరు.

ఆమె సగం ఊపిరి వదిలి, మిగతా సగం ఆపుకుంది.

"అయిపోయింది," అంది. "లేవండి. సామాన్లు తీసుకోండి. వెళ్ళి బయట కూచోండి, పిలుస్తాను."

గొంతు పెద్దది చేయలేదు. ఎక్స్‌రే గదిలో రోజూ అనేట్టే అంది. చాప మీదివాళ్ళు లేచారు. భార్య సంచీ భుజాన వేసుకుంది. టోపీ ఆయన కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని రెండడుగులు వేశాక, తానెందుకు లేచాడో ఆలోచిస్తూ ఆగాడు.

"మేడమ్, మీరు పెద్దాసుపత్రిలో కదూ? మొన్న వానల్లో నా నడుం ఎక్స్‌రే మీరే తీశారు. అప్పుడూ ఇదే మాట. అప్పుడూ ఇలాగే లేచాను."

"గుర్తులేదు సార్. ముఖాలు గుర్తుండవు."

"నడుం చూపిస్తే గుర్తొస్తుందేమో చూపించండి," అంది భార్య.

"నడవండమ్మా, నడవండి," అన్నాడు టోపీ ఆయన.

గుంత పక్కన పాత ఇటుకల గుట్ట ఉంది. దాని వెనకనుంచి చూస్తే తీగా కనబడదు, కన్నమూ కనబడదు. అందరూ అక్కడ నిలబడ్డారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. తీగ వైపునుంచి గలగలమని చిన్న కూత వినబడింది. తరవాత ఏమీ లేదు. తరవాత మళ్ళీ తీగ మీదనుంచి కూత.

"వెళ్ళిందా?" అన్నాడు కెమెరా పట్టుకున్న భర్త నెమ్మదిగా.

"వెళ్ళొచ్చింది," అంది ఆమె.

"మనకేం కనబడలేదే?"

"అందుకే వెళ్ళింది."

"ఇదేం ఫొటోగ్రఫీ మేడమ్," అన్నాడు టోపీ ఆయన. కుర్చీ మాత్రం విప్పలేదు.

ఆమె అతన్ని పక్కకు పిలిచి, సాయంత్రం దాకా ఎవరినీ అటు పోనివ్వకుండా చూడగలరా అని అడిగింది. అతను గుట్ట వెనకే, గట్టుకు వీపు పెట్టి, కుర్చీ వేసుకున్నాడు. ఆమె ఇంటికి వెళ్ళి తన భర్తకు చెప్పింది. అతను చేతులు తుడుచుకుని, వానాకాలం మోటార్ల మీద కప్పే పెద్ద టార్పాలిన్ దింపాడు.

"పురుగులయ్యాయి, ఇప్పుడు పిట్టలకు ఇల్లు కట్టిస్తోంది," అన్నాడు తల్లితో.

"దానికి ఇల్లుంది. లేనిది తలుపే. తొందరగా వెళ్ళు," అంది తల్లి.

గట్టుకు కాస్త ఇవతల గుంజలు పాతి, వాటి మధ్య తీగ బిగించి, టార్పాలిన్ కట్టారు. పిట్ట వచ్చే పైవైపు తెరిచి ఉంచారు. దారిలోంచి చూస్తే ఏదో పని జరుగుతున్నట్టుంది, అంతే. టోపీ ఆయన గుంజ పట్టుకున్నాడు. మధ్యలో సైకిలు మీద ఒకతను ఆగి, మెడలో కెమెరా సర్దుకుంటూ, పేపర్లో పడిన పిట్ట ఎక్కడుంటుందో తెలుసా అని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే టోపీ ఆయన అందుకున్నాడు.

"పిట్టా? బయటుంటుంది."

"బయటంటే?"

"అదిగో, సరిగ్గా అదే మేమూ వెతుక్కుంటున్నాం."

ఆ మాట అతనికి ఎవరూ నేర్పలేదు.

ఆ సాయంత్రం గుట్ట వెనకనుంచి వింటే పిట్టలు చాలాసార్లు వచ్చి వెళ్ళాయి. లోపల ఎన్ని పిల్లలున్నాయో, ఎన్ని మిగిలాయో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలంటే కన్నంలోకి చూడాలి. ఎవరూ చూడలేదు.

అన్నాలు తింటుండగా అత్తగారు జరిగిందంతా ఇంకోసారి చెప్పించుకుంది.

"పరదా కట్టారు, బాగుంది. ఆ మేడ మీద బొమ్మ ఇంకా ఉందా?"

"ఇంకో వారం ఉంటుంది అత్తయ్యా."

"చూడ్డానికి రోజూ మనుషులొస్తారా?"

"వస్తారు."

"అయితే ఇక్కడ పరదా, అక్కడ గోడకు చిరునామా."

ఆమె కంచంలోకి చూస్తూ ఉండిపోయింది.

"ఆ తోక నాకూ ఇష్టమేనే," అంది అత్తగారు. "టీవీలో ఉంటుందిగా, నాకది చాలు."

మర్నాడు పొద్దున్న ఆమె కెమెరా తీసుకోలేదు. ముందుగదిలోకి వెళ్ళి, మోటార్ల మధ్యనుంచి నల్ల కత్తెర తీసింది. భర్త చూశాడు. కాసేపటికి, "పదును జాగ్రత్త," అన్నాడు.

గ్రంథాలయంలో పేపర్లు చదివేవాళ్ళు కింద కూచుని ఉన్నారు. మేడ మీద ఎవరూ లేరు. ఆమె బొమ్మను మేకు మీదనుంచి దించి, బల్ల మీద బోర్లా పెట్టి, వెనక మేకులు వంచి, అట్ట తీసి, కాయితం బయటికి లాగింది. తిప్పి చూసింది. పిట్ట కన్ను, తేనెటీగ రెక్క, తోక, చిమ్నీ. చిమ్నీ పట్టీలకు ఇవతల, తోక సగంలో, కత్తెర ఆనించింది. సగం ఊపిరి వదిలి ఆగింది. కోసింది.

కోసిన ముక్కను చేతిసంచిలో వేసుకుంది. మిగిలిన బొమ్మను చట్రంలో పెట్టింది. కుడివైపు తెల్లటి అట్ట కనబడుతోంది. తోక తెగిన పిట్టను అదే మేకుకు తగిలించి, వంకర సరిచేసి, డ్యూటీకి వెళ్ళింది.